కాలువ గట్టు ఇంట్లో చదువుకున్న అమ్మాయి

ఈ వార్షికోత్సవ సంచికకు ఎవరి జీవితం గురించి రాయాలని ఆలోచించినప్పుడు మా ముందు చాలా పేర్లు నిలిచాయి. అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి హాస్టల్ సంచికల్లో ఏటా వస్తూనే ఉంటుంది, రావాలి కూడా. ఈసారి మాత్రం పదహారేళ్లు నిండకుండానే చనిపోయిన ఒక ఆడపిల్ల గురించి రాస్తున్నాం. ఆమె రాజ్యాలు గెలవలేదు, ఉద్యమాలు నడపలేదు, ఒక్క సభలోనూ మాట్లాడలేదు. ఇరవై అయిదు నెలల పాటు ఒక ఇంటి వెనక భాగంలో దాక్కుని చదువుకుంది, రాసుకుంది. చివరికి శత్రువుల చేతికి చిక్కి ప్రాణాలు కోల్పోయింది. ఆమె పేరు అన్నే ఫ్రాంక్. ఆ ఇల్లు హాలెండ్ అని మనం పిలుచుకునే నెదర్లాండ్స్ దేశంలో, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, ఒక కాలువ గట్టున ఉంది. ఈ కథలో ఆ అమ్మాయి ఎంత ముఖ్యమో ఆ ఇల్లూ అంత ముఖ్యం.

పుట్టిన ఊరు, వదిలిన ఊరు

అన్నే ఫ్రాంక్ 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పుట్టింది. తండ్రి ఒట్టో, తల్లి ఎడిత్, మూడేళ్లు పెద్దదైన అక్క మార్గోట్. వాళ్లది యూదుల కుటుంబం. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యం తరఫున పోరాడి, అధికారి స్థాయికి ఎదిగినవాడు. ఆ దేశమే తన దేశమని నమ్మినవాడు.

అన్నే పుట్టిన ఏడాదే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం మొదలైంది. జర్మనీలో లక్షలాది మంది పని పోగొట్టుకుని వీధిన పడ్డారు. ఆకలితో, అవమానంతో ఉన్న జనానికి ఒక శత్రువును చూపిస్తే నాయకుడు కావడం తేలిక. హిట్లర్ ఆ పనే చేశాడు. దేశానికి వచ్చిన కష్టాలన్నిటికీ యూదులే కారణమని ప్రచారం చేశాడు. 1933 జనవరి 30న అధికారంలోకి వచ్చాడు.

ఒట్టో ఫ్రాంక్ రాబోయే ప్రమాదాన్ని ముందే పసిగట్టాడు. అదే సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, జామ్ గట్టిపడటానికి వాడే పెక్టిన్ అనే పదార్థం అమ్మే ఒపెక్టా కంపెనీని అక్కడ మొదలుపెట్టాడు. 1934 ఫిబ్రవరిలో నాలుగేళ్ల అన్నే కూడా అక్కడికి చేరింది. కొత్త ఊరు, కొత్త భాష. అయినా పిల్లలు తొందరగానే డచ్ భాష నేర్చుకున్నారు. మార్గోట్ నెమ్మదస్తురాలు, తరగతిలో మంచి మార్కులు తెచ్చుకునేది. అన్నే వాగుడుకాయ. తరగతిలో మాట్లాడటం ఆపనందుకు ఒక లెక్కల మాస్టారు ఆమెతో వ్యాసాలు రాయించాడు.

ఆ ప్రశాంతత ఆరేళ్లే. 1940 మే 10న జర్మనీ సైన్యం హాలెండ్ మీద దాడి చేసింది. అయిదు రోజుల్లో ఆ దేశం లొంగిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్క నిషేధమే వచ్చింది. యూదులు సినిమా హాలుకు పోరాదు, పార్కులో కూర్చోరాదు, గ్రంథాలయంలో అడుగుపెట్టరాదు, ట్రాము ఎక్కరాదు, సైకిళ్లు అప్పగించాలి. 1941 నుంచి యూదుల పిల్లలు వేరే బడిలోనే చదవాలి. 1942 మే నుంచి బట్టల మీద పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకుని తిరగాలి. పుట్టుకను బట్టి మనిషిని దూరం పెట్టడం అంటే ఏమిటో మన హాస్టల్ పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు. మన తాతల నాటి ఊరి బావి, బడిలో విడిగా వేసిన గోనెపట్టా మనకు తెలిసినవే. రెండూ ఒకటే అని మేము అనడం లేదు. కానీ అలాంటి గీతలు ఎక్కడ గీసినా మొదట బడి దగ్గర, నీళ్ల దగ్గర, దారి దగ్గరే గీస్తారని రెండు చరిత్రలూ చెబుతున్నాయి.

అందరూ చూస్తూ ఊరుకోలేదని కూడా చెప్పాలి. యూదులను పట్టుకుపోవడాన్ని నిరసిస్తూ 1941 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్ కార్మికులు సమ్మె చేశారు. ట్రాములు ఆగిపోయాయి. సైన్యం ఆ సమ్మెను అణచివేసింది. ఒట్టో తన కుటుంబాన్ని అమెరికా చేర్చాలని ఎంతో ప్రయత్నించాడు. వీసా దొరకలేదు. పారిపోయే దారులన్నీ మూసుకుపోయాక, ఊళ్లోనే దాక్కోవాలని నిశ్చయించుకున్నాడు.

కాలువ గట్టు ఇళ్ల కథ

ఆమ్‌స్టర్‌డామ్ నేల మెత్తటి బురద నేల. అక్కడ ఇల్లు కట్టాలంటే ముందు పొడవాటి దుంగలను గట్టి ఇసుక పొర తగిలేదాకా నేలలోకి దిగగొట్టి, వాటి మీద పునాది వేయాలి. 1613 ప్రాంతంలో ఆ నగరం చుట్టూ కొత్త కాలువలు తవ్వడం మొదలుపెట్టారు. వాటిలో పేరున్నవి మూడు: హేరెన్‌గ్రాహ్ట్, కైజర్స్‌గ్రాహ్ట్, ప్రిన్సెన్‌గ్రాహ్ట్. వ్యాపారం ఆ నీళ్ల మీదే నడిచేది కాబట్టి కాలువ ఒడ్డున చోటుకు గిరాకీ ఎక్కువ. అందుకే స్థలాలను సన్నగా కోసి అమ్మారు. ఇళ్లు వెడల్పు తక్కువగా, లోతు ఎక్కువగా, ఎత్తుగా లేచాయి.

అలాంటి సన్నటి, లోతైన ఇంటికి మధ్యలో వెలుతురు చాలదు. అందుకని చాలా ఇళ్లను రెండు భాగాలుగా కట్టేవారు. కాలువ వైపు ముందిల్లు, దాని వెనక చిన్న ఖాళీ, ఆపైన వెనకిల్లు. రెంటినీ ఒక సన్నటి నడవ కలుపుతుంది. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. ఆ మెట్ల మీద సామాను ఎక్కించడం కుదరదు. అందుకే ఇంటి నెత్తిన ఒక దూలం ముందుకు పొడుచుకొచ్చి, దానికి కొక్కెం వేలాడుతూ ఉంటుంది. తాడు, గిలక కట్టి మూటలను వీధిలోంచి నేరుగా పై అంతస్తు కిటికీలోకి, అటక మీదికి లాగేవారు. ఇప్పటికీ అక్కడ ఇల్లు మారేవాళ్లు బీరువాలను అలాగే పైకి ఎక్కిస్తుంటారు.

ఈ ఇళ్లకూ మన తీరానికీ ఒక సంబంధం ఉంది. డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. కొద్ది ఏళ్లకే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. భీమునిపట్నంలో వాళ్ల పాత సమాధులను నేటికీ చూడవచ్చు. మన నేతగాళ్లు నేసిన బట్టలు, తూర్పు దీవుల సుగంధ ద్రవ్యాలు అమ్మగా వచ్చిన లాభాలు కూడా ఆ నగరాన్ని సంపన్నం చేశాయి. ఆ అందమైన కాలువ గట్టు ఇళ్ల వెనక మన మగ్గాల శబ్దం కూడా కొంత ఉందని మరచిపోకూడదు.

ప్రిన్సెన్‌గ్రాహ్ట్ కాలువ మీద 263వ నంబరు ఇల్లు 1635లో కట్టినది. 1740 ప్రాంతంలో దాని ముఖభాగాన్ని మార్చి, వెనకింటిని పడగొట్టి మరింత పెద్దగా కట్టారు. మొదట నివాసం, తర్వాత గోదాము, ఒకప్పుడు గుర్రాలు కట్టిన చోటు, మరొకప్పుడు చిన్న కార్ఖానా. పక్కనే వెస్టర్‌కెర్క్ అనే పెద్ద చర్చి. చిత్రకారుడు రెంబ్రాంట్‌ను 1669లో ఆ చర్చిలోనే సమాధి చేశారు. 1940 డిసెంబరులో ఒట్టో కంపెనీ ఈ ఇంటికి మారింది. కింద సుగంధ ద్రవ్యాల గోదాము, పైన ఆఫీసు. వెనకిల్లు మాత్రం పెద్దగా వాడకంలో లేదు. వీధిలో నిలబడి చూసేవాడికి ఆ వెనకిల్లు ఉన్నట్టే తెలియదు. మూడు వందల ఏళ్ల కింద వెలుతురు కోసం చేసిన ఏర్పాటు, ఎనిమిది మందికి చీకట్లో దాగే చోటు ఇచ్చింది.

వెనకింట్లోకి

1942 జూన్ 12న పదమూడో పుట్టినరోజుకు అన్నేకు ఎరుపు, తెలుపు గళ్ల అట్ట ఉన్న ఒక నోటుపుస్తకం బహుమతిగా వచ్చింది. అందులో ఆమె డైరీ రాయడం మొదలుపెట్టింది. మూడు వారాల తర్వాత, జూలై 5న, పదహారేళ్ల మార్గోట్‌కు జర్మనీలో పనికి రమ్మని పిలుపు కాగితం వచ్చింది. ఆ పిలుపు అందుకుని వెళ్లినవాళ్లు ఏమవుతున్నారో అనే భయం అప్పటికే ఊరంతా ఉంది. మర్నాడు తెల్లవారుజామునే కుటుంబం ఇల్లు వదిలింది. పెట్టెలు పట్టుకుని వీధిలో నడిస్తే అనుమానం వస్తుంది. అందుకని బట్టలు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నారు. మార్గోట్ సైకిలు మీద ముందు వెళ్లింది. మిగతా ముగ్గురూ వానలో నడుచుకుంటూ వెళ్లారు. అన్నే తన సంచిలో మొదట సర్దుకున్నది డైరీ. ఆ తర్వాత జుట్టు చుట్టుకునే పిన్నులు, చేతి రుమాళ్లు, స్కూలు పుస్తకాలు, దువ్వెన, పాత ఉత్తరాలు. ప్రాణభయంతో ఇల్లు వదిలే రోజున కూడా ఆ పిల్ల స్కూలు పుస్తకాలు మరచిపోలేదు.

వారం రోజుల్లో ఒట్టో వ్యాపార సహచరుడు హెర్మన్ వాన్ పెల్స్, భార్య అగస్టె, కొడుకు పీటర్ వచ్చి చేరారు. నవంబరులో ఫ్రిట్జ్ ఫెఫర్ అనే దంత వైద్యుడు వచ్చాడు. మొత్తం ఎనిమిది మంది. వెనకింటి తలుపు కనిపించకుండా దాని ముందు ఒక పుస్తకాల అలమర పెట్టారు. ఫైళ్లతో నిండిన ఆ అలమర తలుపులాగే తెరుచుకుంటుంది. దాన్ని తయారు చేసినవాడు అదే గోదాములో పనిచేసే యోహాన్ వోస్కాయిల్.

మూసిన ఇంట్లో బడి

పగలంతా కింద గోదాములో కూలీలు పనిచేసేవారు. పైన మనుషులున్నారని వాళ్లకు తెలియదు. అందుకని ఆఫీసు వేళల్లో బూట్లు వేసుకుని నడవకూడదు, కుళాయి తిప్పకూడదు, గట్టిగా దగ్గకూడదు. కిటికీ తెరలు పక్కకు తొలగించకూడదు. వెనకింటి పై అంతస్తులో వంట చేసుకునే గదే అందరి కూర్చునే గది, రాత్రికి అదే వాన్ పెల్స్ దంపతుల పడకగది. అన్నేకు దక్కింది ఒక సన్నటి గది. మొదట అక్కతో, తర్వాత ఆ దంత వైద్యుడితో పంచుకోవాల్సి వచ్చింది. ఆ గది గోడల నిండా ఆమె సినిమా తారల ఫొటోలు, పోస్టుకార్డులు అంటించుకుంది. మన ట్రంకు పెట్టె మూత లోపలి వైపు చూసుకుంటే ఆ పిల్ల మనసు మనకు ఇట్టే అర్థమవుతుంది.

అలాంటి చోట ఎవరైనా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. కానీ ఒట్టో ఫ్రాంక్ అక్కడ ఒక బడి నడిపాడు. పిల్లలు ముగ్గురికీ ఫ్రెంచి, ఇంగ్లీషు, చరిత్ర, భూగోళం, లెక్కలు రోజూ జరిగేవి. యుద్ధం అయిపోయాక మళ్లీ బడికి వెళ్లినప్పుడు పిల్లలు వెనకబడిపోకూడదని ఆయన పట్టుదల. ఆఫీసులో పనిచేసే బెప్ వోస్కాయిల్ పేరు మీద పోస్టు ద్వారా షార్ట్‌హ్యాండ్ పాఠాలు తెప్పించుకున్నారు. మార్గోట్ అదే పేరు మీద లాటిన్ భాష కూడా నేర్చుకుంది. జవాబు కాగితాలు దిద్ది పంపే మాస్టారికి తన విద్యార్థిని ఎవరో తెలియదు. అన్నేకు ఆల్జీబ్రా అంటే గిట్టదు, చరిత్ర అంటే ప్రాణం. రాజవంశాల వంశవృక్షాలు గీసుకుంటూ గంటలు గడిపేది.

చదువుకునే బల్ల కోసం గొడవలు కూడా జరిగాయి. గదిలో ఉన్నది ఒకే బల్ల. ఫెఫర్‌కు తన పని పెద్దది, పిల్ల చదువు ఆటలాంటిది అనిపించింది. అన్నే తనకూ వారంలో రెండు మధ్యాహ్నాలు ఆ బల్ల కావాలని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె ఊరుకోలేదు. తండ్రి మధ్యవర్తిత్వం చేశాక ఆమె కోరిక నెరవేరింది. చూడటానికి చిన్న విషయమే. కానీ బయట ప్రపంచం ఆమెకు బతికే హక్కే లేదన్న రోజుల్లో, ఆమె లోపల రాసుకునే బల్ల మీద హక్కు కోసం పోరాడి సాధించుకుంది. ఆశ అంటే ఏమిటో మాకు ఇక్కడ అర్థమైంది. రేపు ఒకటి ఉంటుందని లెక్కలో వేసుకున్న మనిషే ఈరోజు బల్ల కోసం తగాదా పడుతుంది.

ఆమెను దేవతను చేయడం మాకు ఇష్టం లేదు. ఆమెకు కోపం ఎక్కువ. తల్లితో పడేది కాదు. అక్కతో పోలిస్తే చిన్నబుచ్చుకునేది. రాత్రిళ్లు విమానాల మోతకు, ఫిరంగుల శబ్దానికి భయపడి తండ్రి మంచం ఎక్కేది. కొన్ని రోజులు దిగులుతో ఏమీ తోచేది కాదు. అలాంటప్పుడు అటక మీదికి వెళ్లేది. అక్కడి కిటికీలోంచి ఆకాశం, వెనకపక్క తోటలోని ఒక పెద్ద చెస్ట్‌నట్ చెట్టు కనిపించేవి. పక్క చర్చి గడియారం పావుగంటకోసారి మోగేది. మిగతావాళ్లకు ఆ గంటలు చికాకు కలిగిస్తే ఆమెకు మాత్రం అవి తోడుగా అనిపించేవి. ఎండిన కొమ్మలు చిగురించడం, మళ్లీ ఆకులు రాలడం చూస్తూ ఆమె రెండు ఏళ్లు లెక్కపెట్టుకుంది. ఆ కాలంలోనే పీటర్‌తో స్నేహం కలిసింది. గోడ మీద తండ్రి పెన్సిలుతో పిల్లల ఎత్తు గుర్తులు పెట్టేవాడు. ఆ రెండేళ్లలో అన్నే 13 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. ఆ పెన్సిలు గీతలు నేటికీ ఆ గోడ మీద ఉన్నాయి.

బయట ఉన్నవాళ్లు

ఆ ఎనిమిది మందీ బతికింది తమ ధైర్యం వల్ల మాత్రమే కాదు. బయట కొందరు మనుషులు ఉన్నారు. ఆఫీసులో పనిచేసే మీప్ గీస్, ఆమె భర్త యాన్, బెప్, యోహానెస్ క్లైమన్, విక్టర్ కూగ్లర్. అలమర తయారు చేసిన వోస్కాయిల్ ఈ బెప్ తండ్రే. యూదులకు ఆశ్రయం ఇచ్చినవాళ్లకు జైలు, నిర్బంధ శిబిరం తప్పవని తెలిసే ఈ పనికి దిగారు. యుద్ధకాలంలో తిండి రేషను మీదే దొరికేది. దాక్కున్నవాళ్లకు రేషను ఉండదు. యాన్ రహస్యంగా కూపన్లు సంపాదించేవాడు. మీప్ కూరగాయలు, బెప్ పాలు తెచ్చేవారు. ప్రతి శనివారం గ్రంథాలయం పుస్తకాలు వచ్చేవి. సోమవారం నాడు కూగ్లర్ అన్నే కోసం సినిమా పత్రిక తెచ్చేవాడు. ప్రాణాలు పణంగా పెట్టిన మనిషి ఒక పిల్ల సరదా కోసం సినిమా పత్రిక కూడా గుర్తుపెట్టుకుని కొన్నాడు.

మీప్ దంపతులు తమ సొంత ఇంట్లో మరొక విద్యార్థిని కూడా దాచారు. ఆ సంగతి వెనకింటి వాళ్లకు చెప్పలేదు. చేసిన మేలును నాలుగు చోట్ల చెప్పుకునే అలవాటు వాళ్లకు లేదు.

డైరీ పుస్తకమైన విధం

1944 మార్చి 28న లండన్ నుంచి వచ్చే డచ్ రేడియోలో ఒక మంత్రి మాట్లాడాడు. యుద్ధకాలంలో సామాన్యులు రాసుకున్న డైరీలు, ఉత్తరాలు భద్రపరచాలని, యుద్ధం ముగిశాక వాటిని సేకరిస్తామని చెప్పాడు. ఆ మాట విన్నాక అన్నే ఆలోచన మారింది. అప్పటిదాకా తనకోసం రాసుకున్నదాన్ని ఒక పుస్తకంగా మలచాలనుకుంది. పేరు కూడా పెట్టుకుంది. వెనకిల్లు అనే అర్థం వచ్చే హెట్ అఖ్టర్‌హౌస్. మే 20 నుంచి కూర్చుని, పాత పేజీలు మళ్లీ చదివి, అనవసరమైనవి తీసేసి, బాగా రానివి తిరగరాసి, రెండు వందలకు పైగా విడి కాగితాలు నింపింది. అప్పుడామె వయసు పద్నాలుగేళ్లు, ఆ పని మధ్యలోనే పదిహేను నిండాయి. జర్నలిస్టు, రచయిత్రి కావాలని ఆమె కోరిక.

జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యం ఫ్రాన్స్ తీరంలో దిగింది. ఒట్టో గోడ మీద నార్మండీ పటం తగిలించి, సైన్యం ముందుకు వచ్చినప్పుడల్లా గుండుసూదులు గుచ్చేవాడు. అక్టోబరుకల్లా బడికి వెళ్లవచ్చునేమో అని పిల్లలు లెక్కలు వేసుకున్నారు. మనుషుల్లో మంచితనం ఉందన్న నమ్మకాన్ని అన్నే జూలై 15న రాసింది. ఆ ఒక్క మాటనే జనం కాలెండర్ల మీద, గోడల మీద అచ్చు వేసుకుంటారు. అదే రోజు, అదే చోట, ప్రపంచం నాశనమవుతున్న చప్పుడు దగ్గర పడుతోందని కూడా ఆమె రాసిందని చాలామందికి తెలియదు. ఆమె కళ్లు మూసుకుని ఆశపడలేదు. అంతా చూస్తూనే ఆశపడింది.

1944 ఆగస్టు 4

ఆ రోజు ఉదయం పోలీసులు వచ్చారు. ఎవరు సమాచారం ఇచ్చారన్నది నేటికీ తేలలేదు. ఎనిమిది మందినీ, వాళ్లతో పాటు క్లైమన్, కూగ్లర్‌లనూ పట్టుకుపోయారు. నగలు, డబ్బు వేసుకోవడానికి సంచి కావాలని పోలీసు అధికారి ఒక తోలు సంచిని బోర్లించాడు. అందులోని అన్నే కాగితాలు నేల మీద పడ్డాయి. అవి అతనికి చెత్త. పోలీసులు వెళ్లాక మీప్, బెప్ వాటిని ఏరుకొచ్చారు. అన్నే తిరిగొచ్చాక ఇవ్వాలని మీప్ తన బల్ల సొరుగులో పెట్టింది. ఒక్క పేజీ కూడా చదవలేదు.

వాళ్లను ముందు వెస్టర్‌బోర్క్ శిబిరానికి, సెప్టెంబరు 3న అక్కడి నుంచి ఆష్‌విట్జ్‌కు తరలించారు. హాలెండ్ నుంచి ఆష్‌విట్జ్‌కు వెళ్లిన చివరి రైలు అదే. వెయ్యి మందికి పైగా మనుషులను సామాన్ల పెట్టెల్లో కుక్కి తీసుకెళ్లారు. శరదృతువులో అక్కాచెల్లెళ్లను బెర్గెన్ బెల్సెన్ శిబిరానికి మార్చారు. తల్లి ఎడిత్ ఆష్‌విట్జ్‌లోనే ఉండిపోయి 1945 జనవరి 6న చనిపోయింది. బెర్గెన్ బెల్సెన్‌లో తిండి లేదు, నీళ్లు లేవు, టైఫస్ జ్వరం వ్యాపించింది. మార్గోట్ ముందు, ఆ వెంటనే అన్నే చనిపోయారు. అది 1945 ఫిబ్రవరి నెల అని ఇటీవలి పరిశోధన చెబుతోంది. ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం వచ్చి ఆ శిబిరాన్ని విడిపించింది. సుమారు రెండు నెలల తేడా. హాలెండ్ నుంచి తరలించిన యూదులు దాదాపు 1,07,000 మంది. తిరిగొచ్చినవాళ్లు అయిదు వేల మంది.

ఎనిమిది మందిలో బతికి వచ్చినవాడు ఒట్టో ఒక్కడే. బిడ్డలు లేరన్న కబురు రూఢి అయిన రోజున మీప్ సొరుగు తీసి ఆ కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టింది. 1947 జూన్ 25న పుస్తకం వెలువడింది. మొదటి ముద్రణ మూడు వేల పైచిలుకు ప్రతులు మాత్రమే. ఆ తర్వాత డెబ్బైకి పైగా భాషల్లోకి వెళ్లింది. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి జైల్లో ఆ పుస్తకం చదివి ధైర్యం తెచ్చుకున్నామని నెల్సన్ మండేలా 1994లో చెప్పారు.

ఆ ఇంటిని 1950ల్లో పడగొట్టాలని చూశారు. ఆమ్‌స్టర్‌డామ్ ప్రజలు అడ్డుపడ్డారు. 1957లో ఒక సంస్థ ఏర్పడి ఆ ఇంటిని కాపాడింది. 1960 మే 3న అది మ్యూజియం అయింది. అరెస్టు తర్వాత జర్మన్లు సామానంతా ఎత్తుకుపోయారు. మళ్లీ సామాను పెట్టవద్దు, ఆ గదులు ఖాళీగానే ఉండాలి అన్నది ఒట్టో కోరిక. ఆయన 1980లో చనిపోయారు. మీప్ నూరేళ్లు బతికి 2010 జనవరిలో కన్నుమూసింది. ఆ ఏడాదే ఆగస్టులో గాలివానకు ఆ చెస్ట్‌నట్ చెట్టు కూలింది. అయితే దాని గింజల నుంచి పెంచిన మొక్కలు అప్పటికే వేరే దేశాల్లో నాటుకున్నాయి. కాలువల వలయం కూడా 2010లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మనం తీసుకోవలసింది

మేము ఈ హాస్టల్ అన్నం తిని చదివినవాళ్లమే. మా ఇంట్లో డిగ్రీ చేతికి అందుకున్నది మేమే మొదటివాళ్లం. వేదికల మీద పెద్దలు ఆశ ఉంటే ఏదైనా సాధించవచ్చు అన్నప్పుడల్లా మాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే ఆశ అన్నేను బతికించలేదు. ఆశ చాలక ఆమె చనిపోలేదు కూడా. ఆమెను చంపింది ఒక ప్రభుత్వం, దాన్ని మోసిన వేలాది మంది గుమాస్తాలు, పోలీసులు. ఫెయిలైన తమ్ముడికి నీకు ఆశ లేకపోవడమే తప్పు అని చెప్పడం ఎంత అన్యాయమో ఈ కథ చెబుతోంది.

మరి ఆశ ఏం చేసింది? మూసిన ఇంట్లో రోజుకు ఇన్ని గంటలు చదివించింది. బల్ల కోసం అడిగించింది. బాగా రాని పేజీని తిరగరాయించింది. ఫలితం చేతికి వస్తుందో రాదో తెలియకుండానే పనిని సరిగ్గా చేయించింది. మనకు అంతకన్నా ఎక్కువ అవకాశం ఉంది. మన గేటు తెరిచే ఉంది, మన హాల్ టికెట్ మీద మన పేరే ఉంది.

రెండో విషయం. అందరం అన్నే గురించే చెప్పుకుంటాం. మీప్ గురించి తక్కువ. ప్రతి ఏటా సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాని తమ్ముళ్లు, చెల్లెళ్లు హాస్టళ్లలో ఉంటున్నారు. ఒకడు పత్తి ఏరడానికి, ఒకడు మేస్త్రీ వెంట బస్తాలు మోయడానికి, ఒకామె పెళ్లికి. వాళ్లకు ఆశ లేక కాదు. ఫీజు కట్టే తేదీ గుర్తుచేసేవాళ్లు, పాత గైడు ఇచ్చేవాళ్లు, ఇంటికి వెళ్లి నాన్నతో మాట్లాడేవాళ్లు లేక. మేము పీజీ దాకా వచ్చింది కూడా అలాంటి నలుగురి వల్లే. వాళ్ల పేర్లు ఏ సర్టిఫికెట్ మీదా లేవు.

అందుకని పూర్వ విద్యార్థులకు ఒక మనవి. సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం, ఒక్కొక్కరు ఒక్కసారి హాస్టల్‌కు రండి. హాజరు పట్టీ చూడండి. రాని పిల్లల ఊర్లు మీ దారిలో ఉంటే ఒక పూట వెళ్లి రండి. వచ్చేటప్పుడు మీ దగ్గర మిగిలిపోయిన పోటీ పరీక్షల పుస్తకం ఒకటి తెచ్చి మన అలమరలో పెట్టండి. ఆ ఇంట్లోకి పుస్తకాలు ప్రతి శనివారం వచ్చేవి. మనం నెలకు ఒక శనివారంతో మొదలుపెడదాం.